గజ్జి ఒక్కడిది కాదు, గది మొత్తానిది

హాస్టల్లో గజ్జి వచ్చిన పిల్లవాడికి మందు కంటే ముందు దొరికేది పేరు. 'గజ్జిగాడు' అంటాం. మూలకు పోయి పడుకోమంటాం. స్నానం సరిగా చెయ్యడని తేల్చేస్తాం. దాంతో తర్వాత దురద మొదలైనవాడు ఎవరికీ చెప్పడు. ఫుల్ చేతుల చొక్కా వేసుకుని దాచుకుంటాడు. మన హాస్టళ్ళలో గజ్జి ఏటేటా తిరిగి రావడానికి ఈ ఎగతాళే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

మిత్రులారా, గజ్జి మురికి వల్ల పుట్టదు. కంటికి కనిపించీ కనిపించనంత చిన్న పురుగు చర్మం పై పొరను తొలుచుకుని గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. రెండు పూటలా స్నానం చేసేవాడికీ వస్తుంది. ఒకే దుప్పటిలో ఇద్దరు పడుకున్నా, ఒకరి బట్టలు ఒకరు తొడుక్కున్నా అంటుకుంటుంది. మొదటిసారి సోకినవాడికి దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. ఆ రోజుల్లో కూడా వాడి నుంచి పక్కవాడికి అంటుతూనే ఉంటుంది. అంటే గోక్కునేవాడు ఒక్కడే కనిపించినా, అప్పటికే గదిలో ఇంకొందరికి సోకి ఉండవచ్చు.

అందుకే ఒక్కడికి మందు రాసి ఊరుకుంటే లాభం లేదు. వాడికి తగ్గేసరికి పక్కవాడికి వస్తుంది, పక్కవాడి నుంచి మళ్ళీ వాడికే వస్తుంది. దురద ఉన్నా లేకున్నా గదిలో అందరికీ ఒకే రాత్రి మందు రాయాలి. డాక్టర్లు సాధారణంగా ఇచ్చే 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందుల్లో కూడా రాసుకుని, 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. వారం తర్వాత మళ్ళీ రాయాలి. అదే రోజు బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యాలి. మందు రాశాక కూడా కొన్ని వారాలు దురద ఉండవచ్చు, కంగారు పడనక్కర్లేదు.

గజ్జే కదా అని తీసిపారేయకండి. గోకిన పుండ్లలో సూక్ష్మక్రిములు చేరితే మూత్రపిండాలకు కూడా ముప్పు రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

కళ్ళకలక సంగతీ అంతే. 2023 వానాకాలంలో తెలుగునాట కళ్ళకలక విజృంభించినప్పుడు చాలామంది నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నారు. కళ్ళలోకి చూస్తే కలక రాదు. కన్ను నలిపిన చేతితో, తుడుచుకున్న తువ్వాలుతో వస్తుంది. కావలసింది సబ్బు, నీళ్ళు, ఎవరి తువ్వాలు వారికి.

ఒకే కంచంలో తిన్నాం, ఒకే దుప్పటి కప్పుకున్నాం అని మన పూర్వ విద్యార్థులు గర్వంగా చెప్పుకుంటారు. ఆ స్నేహం గొప్పదే. కానీ ఒకే దుప్పటి కప్పుకున్నది స్నేహం వల్ల మాత్రమేనా? రెండో దుప్పటి లేకపోవడం వల్ల కూడా. ఆ లేమిని స్నేహం పేరుతో కప్పిపుచ్చకూడదు. మనిషికో దుప్పటి, కొళాయి దగ్గర ఎప్పుడూ సబ్బు, ట్యాంకు నిండా నీళ్ళు అడగడం మన హక్కు. 1927లో మహద్ చెరువు దగ్గర డాక్టర్ అంబేద్కర్ నిలబడింది నీళ్ళ కోసమే. ఆయన ఫొటోకు దండ వేసే మనం ఖాళీ కొళాయి ముందు మౌనంగా ఉండటం తగదు.

వార్డెన్ గారికి నాదొక మనవి. నెలకొకసారి ఏ.ఎన్.ఎం.ను పిలిపించి అందరి చేతులూ చూపించండి. వేరే గది ఇవ్వవలసిన జబ్బు వస్తే ఆ గదిలో మంచం, అన్నం, పలకరింపు మూడూ ఉండేలా చూడండి. అంటరానితనం అంటే ఏమిటో పుట్టుకతోనే తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలం మనం. జబ్బు పేరుతో దాన్ని మన గదుల్లోకి మనమే తెచ్చుకోవద్దు.

పూర్వ విద్యార్థి సోదరులారా, వార్షికోత్సవానికి ఫ్లెక్సీలు కట్టించే డబ్బుల్లో కొంత తీసి దుప్పట్లు, బకెట్లు కొనివ్వండి. తమ్ముళ్ళారా, రేపు ఎవడైనా గోక్కుంటూ కనిపిస్తే పేరు పెట్టకండి. వాడి చెయ్యి పట్టుకుని వార్డెన్ గారి దగ్గరకు తీసుకెళ్ళండి. తర్వాత మీరూ మందు రాసుకోండి.