విరుగుడు మందు మొగుళ్లపల్లిలోనే అందాలి

పత్తి చేలలో పంపులు భుజానికెక్కే కాలం వచ్చిందంటే మొగుళ్లపల్లి మండలంలో ఒక భయం కూడా వెంట వస్తుంది. మందు కొట్టిన కూలీకి సాయంత్రానికి చెమటలు పోసి, నోట నురుగు కారి, చూపు మసకబారుతుంది. ఇంటివారు ఉప్పునీళ్లో పేడనీళ్లో తాగించి కక్కించబోతారు. తర్వాత ఆటో మాట్లాడుకుని పరకాల మీదుగా వరంగల్ ఎం.జి.ఎం.కు పరుగు. కక్కించడం వల్ల విషం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉన్నదని ఎవరికీ తట్టదు.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ జాతి మందులు నరాల పనిని అదుపులో ఉంచే ఎంజైమును కట్టివేస్తాయి. ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి, శ్వాస ఆగిపోతుంది. దానికి విరుగుడు అట్రోపిన్ ఇంజక్షన్. నల్లమందు జాతి మందులు మోతాదు మించినవారికి నాలోక్సోన్ ఎలాగో, ఈ విషానికి అట్రోపిన్ అలాగ. రెండు విషాల్లోనూ కనుపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోతాయి గాని, ఒకదాని విరుగుడు మరొకదానికి పనికిరాదు. గడ్డిమందు పారాక్వాట్‌కైతే విరుగుడే లేదు. మందు డబ్బా వెంట తెమ్మని డాక్టర్లు అడిగేది అందుకే.

అట్రోపిన్ ఖరీదైన మందు కాదు. 0.6 మిల్లీగ్రాముల చిన్న గాజుబుడ్డి. తొలి విడతలోనే 3 నుంచి 5 బుడ్లు ఎక్కించి, ఊపిరిలో గురగుర తగ్గేదాకా 5 నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేయడం వైద్యులు అనుసరించే పద్ధతి. 3, 6, 12, 24 లెక్కన పావుగంటలో 45 బుడ్లు కావచ్చు. అల్మారాలో పది బుడ్లు చూపి స్టాకు ఉందనడం రిజిస్టరుకు సరిపోతుందేమో, రోగికి సరిపోదు. మోతాదు మించినా చిక్కే: జ్వరం, గుండెదడ, మతి తప్పి మాట్లాడటం. కనుక ఇది ఇంట్లో పెట్టుకుని పొడుచుకునే మందు కాదు, ఛాతీ విని ఇచ్చేవారు పక్కనుండాలి. ఇంటివారు చేయదగినది వేరే ఉంది. తడిసిన బట్టలు విప్పి సబ్బుతో ఒళ్లు కడగాలి, ఎడమవైపు పడుకోబెట్టాలి, 108కి ఫోను చేయాలి.

1997-98లో పత్తి పోయి ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎందరు రైతులు పురుగుమందు తాగారో పెద్దలకు గుర్తే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో 20 మందికి పైగా పోయారు. వారు తాగలేదు, చేలో మందు కొట్టారు, అంతే. 1971 నాటి కీటకనాశినుల నిబంధనల ప్రకారం తయారీదారులు, పంపిణీదారులు, వ్యాపారంగా మందు కొట్టేవారు విరుగుడు మందులు, ఇంజక్షన్లు తగినంత నిల్వ ఉంచుకోవాలి. డబ్బా మీద ఎర్ర త్రికోణం చూసి అమ్మేవారు ఈ సంగతి ఎంతవరకు ఎరుగుదురో ఎవరూ అడగరు.

వానాకాలానికి ముందు విత్తనాల లెక్క, యూరియా లెక్క అడిగే మండల అధికారులు ఆ రోజే సర్కారు దవాఖానకు కూడా వెళ్లిరావాలి. అట్రోపిన్ బుడ్లు ఎన్ని, వాటి గడువు ఎప్పటిదాకా, ఆక్సిజన్ ఉన్నదా అని చూడాలి. రాత్రిపూట ఆ అల్మారా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాసుకోవాలి.