లారీకి నిలువనీడ ఏది?

పొలంలో పండిన ధాన్యం పట్నం చేరాలన్నా, కర్మాగారంలో తయారైన సిమెంటు పల్లెకు రావాలన్నా లారీ కావాలి. దేశంలో రవాణా అయ్యే సరుకుల్లో సుమారు మూడింట రెండు వంతులు రోడ్డు మీదనే సాగిపోతున్నాయి. బస్సుకు బస్టాండు ఉంది. రైలుకు స్టేషను ఉంది. ఓడకు రేవు ఉంది. లారీకి మాత్రం చాలాచోట్ల రోడ్డు అంచే దిక్కు. ఈ కొరతను తీర్చవలసిన బాధ్యత ఎవరిది?

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి మీదుగా సాగుతుంది. కోల్‌కతా నుంచి చెన్నైకి పోయే 16వ నంబరు రహదారి బరంపురం, విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరు ప్రాంతాలను కలుపుతుంది. పుణె నుంచి బయలుదేరే 65వ నంబరు రహదారి షోలాపురం, హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరుతుంది. ఈ దారుల వెంట పలు రాష్ట్రాలలో తెలుగువారు తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. చీకటి పడితే రోడ్డు పక్కన బారులు తీరే లారీలు వారికి కొత్త కాదు.

లారీలు అలా ఆగడానికి కారణాలున్నాయి. కోల్‌కతా నుంచి చెన్నైకి దూరం సుమారు 1,700 కిలోమీటర్లు. రోజుకు 350 కిలోమీటర్ల చొప్పున నడిపినా ఐదు రోజుల ప్రయాణం. అంటే దారిలో నాలుగు రాత్రులు ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. పెద్ద నగరాలలో పగటిపూట భారీ వాహనాలను రానివ్వరు. ఆ గడువు తీరేదాకా లారీలు ఊరి బయటే కాచుకోవాలి. సరుకు దింపవలసిన గోదాము తలుపు తెరిచేదాకా, కర్మాగారం గేటు దగ్గర వంతు వచ్చేదాకా కూడా ఇదే పరిస్థితి. ఒక్కొక్కసారి ఈ నిరీక్షణ గంటలు దాటి రోజులకు పెరుగుతుంది.

రోడ్డు అంచున నిలిచిన లారీ ఇతరులకు ప్రాణాంతకం కావచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక్క సెకనులో 22 మీటర్లు ముందుకు దూసుకుపోతుంది. చీకట్లో వెనుక దీపాలు లేకుండా నిలిచిన లారీ కంటబడే సరికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. అందరూ ఆగి ఉన్న లారీల వల్లనే చనిపోలేదు. అయినా ఆగిన లారీని ఢీకొన్న వార్త పత్రికలలో తరచుగా కనబడుతూనే ఉంది. ఇక నిద్ర చాలని డ్రైవరు ఆగడానికి చోటు దొరకక ముందుకే నడిపితే ముప్పు మరింత పెరుగుతుంది.

తప్పంతా డ్రైవరుదే అని జరిమానా వేయడం తేలిక. అయితే జరిమానా వల్ల కొత్తగా గజం స్థలమైనా పుట్టదు. ఒకచోటి నుంచి తరిమిన లారీ మరొకచోట ఆగుతుంది. ఊరి వెలుపల చీకటి మైదానం ఉన్నా డ్రైవరు అక్కడ నిలపడానికి జంకుతాడు. డీజిలు దొంగలు ఉంటారు. టార్పాలిన్ కోసి సరుకు లాగేవారు ఉంటారు. పోయిన సరుకుకు యజమానికి జవాబు చెప్పుకోవలసినవాడు అతడే. అందుకే ఖాళీ స్థలం ఒక్కటే చాలదు. దీపాలు, కాపలా, నీరు, మరుగుదొడ్డి, నడుం వాల్చడానికి గది కూడా ఉండాలి.

చట్టం ఈ సంగతిని మరచిపోలేదు. ఐదు గంటలు పనిచేసిన రవాణా కార్మికునికి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. ఆ తరువాత చట్టాలు మారినా విశ్రాంతి అవసరం మారలేదు. వాహనాలు నిలిపే చోట్లను స్థానిక సంస్థలతో సంప్రదించి నిర్ణయించే అధికారాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 117వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. బెంగళూరులోని యశ్వంతపురంలోను, చెన్నై దగ్గర మాధవరంలోను ఉన్న లారీ టెర్మినళ్లు ప్రభుత్వం పూనుకుంటే పని జరుగుతుందని చూపుతున్నాయి. జాతీయ రహదారుల వెంట సౌకర్య కేంద్రాలు నెలకొల్పే విధానం కూడా వచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలలో డ్రైవరు కూర్చునే క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది. ఇది మంచి మార్పే. కాని క్యాబిన్ చల్లబడినంత మాత్రాన బండి నిలపడానికి చోటు దొరకదు.

లారీలతో లాభం పొందేది యజమానులే కాబట్టి స్థలం వారే కొనుక్కోవాలని కొందరు వాదిస్తారు. కాని యజమానులలో ఎక్కువమంది కొద్దిపాటి బండ్లు ఉన్న చిన్నవారు. హోసూరులోని యజమాని బరంపురంలో స్థలం కొనగలడా? పైగా ప్రతి లారీ పన్ను కడుతోంది, టోల్ గేటు దగ్గర రుసుము చెల్లిస్తోంది.

కాబట్టి బాధ్యతను పంచుకోవడమే న్యాయం. మొదటి వాటా లారీని రప్పించుకునేవారిది. రేవు, కర్మాగారం, మార్కెట్ యార్డు తమ కోసం వచ్చిన బండ్లను తమ ఆవరణలోనే నిలుపుకోవాలి. కొత్తవాటికి అనుమతి ఇచ్చేటప్పుడు ప్రభుత్వం దీనిని షరతుగా పెట్టాలి. రహదారి వెంట రాత్రి మజిలీలు ఏర్పాటు చేయడం రహదారి సంస్థ పని. నగరాల పొలిమేరలలో స్థలం చూపడం రాష్ట్ర ప్రభుత్వం, పురపాలక సంఘం కలిసి చేయవలసిన పని. లారీ రాష్ట్రాల సరిహద్దులు దాటి పోతుంది కనుక ఇరుగుపొరుగు రాష్ట్రాలు మాట్లాడుకోవడమూ అవసరమే.

అన్నీ అమరిన తరువాత తగిన రుసుము చెల్లించి ఆ చోటనే బండి నిలపడం యజమాని, డ్రైవరుల విధి. అప్పటికీ రోడ్డు మీద ఆపితే శిక్షించవచ్చు. ఆగే చోటు చూపకుండా ఎందుకు ఆగావని అడగడం మాత్రం న్యాయం కాదు.