కానుకలో చేయి కనిపించాలి

ఏటా ఆగస్టు మొదటి ఆదివారం స్నేహితుల దినోత్సవం. అదే నెల 7న జాతీయ చేనేత దినోత్సవం. ఏ ఏడాది చూసినా ఈ రెండింటి మధ్య ఆరు రోజులకు మించి తేడా రాదు. అయినా మన ఇళ్లలో ఈ రెండు రోజులూ కలుసుకోవు. మొదటిదానికి ఆన్‌లైన్‌లో ఒక కప్పో కీచెయినో ఆర్డరు పెడతాం. రెండోదానికి వాట్సాప్‌లో మగ్గం బొమ్మ ఫార్వర్డ్‌ చేస్తాం. రెండు పనులూ నిమిషంలో ముగుస్తాయి. ఇచ్చినవాళ్లకూ గుర్తుండదు, పుచ్చుకున్నవాళ్లకూ గుర్తుండదు.

పేరంటంలో ఇచ్చే జాకెట్‌ ముక్క గురించి ప్రతి ఇంట్లోనూ ఒక నవ్వులాట ఉంటుంది. మనమిచ్చిన ముక్కే నాలుగిళ్లు తిరిగి, మళ్లీ మన పళ్లెంలోకే వస్తుంది. ఇప్పుడు పుట్టినరోజుల రిటర్న్‌ గిఫ్టుల దారీ అదే. ప్లాస్టిక్‌ డబ్బా, గోడ గడియారం, సెంటు సీసా... అట్టపెట్టె విప్పకుండానే బీరువాలోకి, అక్కడి నుంచి ఇంకొకరి ఫంక్షన్‌కు.

నా అభిప్రాయం ఒక్కటే. చేతితో చేసిన కానుకకు అసలు ఖరీదు సమయం. ఆ సమయం మనదైతే అది మన మనసుకు మేలు చేస్తుంది. నేతన్నదైతే దానికి తగిన వెల మనం కట్టాలి. లేకుంటే మన స్నేహితురాలి భుజం మీది అందమైన అంచు, ఇంకొకరి నడుం నొప్పి మీద నేసినదవుతుంది.

ఇది ఆరోగ్యం సంగతే

కానుకలకూ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానివల్ల ఏడాదికి 8.7 లక్షలకు పైగా మరణాలు సంభవిస్తున్నాయని ఆ నివేదిక అంచనా. స్నేహం కాలక్షేపం కాదు, బీపీ, షుగర్‌లాగే కనిపెట్టుకుని ఉండాల్సిన విషయం.

ఒక్క కానుకతో ఒంటరితనం పోదు. కానీ చేతితో చేయాలని కూర్చుంటే ముందుగా ఆ మనిషి గురించి ఆలోచించాల్సి వస్తుంది. ఆమెకు ఏ రంగు ఇష్టం? షుగర్‌ ఉందా? మోకాళ్లు నొప్పులంటోందా? ఆర్డరు బటన్‌ ఈ ప్రశ్నలేవీ అడగదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాత్రం ఇవన్నీ గుర్తుకొస్తాయి.

అమెరికాలోని డ్రెక్సెల్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. 39 మంది పెద్దలు 45 నిమిషాలపాటు బంకమన్ను, రంగులు, కాగితపు ముక్కలతో తోచింది చేశారు. తర్వాత లాలాజలం పరీక్షిస్తే దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోన్‌ కార్టిసాల్‌ తగ్గింది. ముందు అలవాటు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా కనిపించలేదు. 39 మందితో తేల్చిన మాటను మందుచీటీలా రాసుకోలేం. అయినా ‘నాకు చేతకాదు’ అనేవాళ్లకు అదొక ధైర్యం.

2008లో ‘సైన్స్‌’ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం ఇంకా సూటిగా ఉంటుంది. విద్యార్థులకు కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. తమ కోసం ఖర్చు చేసుకున్నవాళ్ల కంటే ఇతరుల కోసం ఖర్చు చేసినవాళ్లు ఎక్కువ సంతోషంగా కనిపించారు. 5 డాలర్లా, 20 డాలర్లా అన్నది ఆ తేడాను మార్చలేదు.

ఇంట్లో ఉన్నదానితోనే

బీరువా అడుగున పాత గద్వాల చీర ఉంటే చూడండి. ఒళ్లు మెత్తబడి చిరిగిపోయినా అంచు ఇంకా గట్టిగానే ఉంటుంది. ఆ అంచుతో కళ్లజోడు సంచీ, ఫోన్‌ పౌచ్‌, పుస్తకానికి అట్ట కుట్టవచ్చు. పాత నూలు చీరలు రెండు మూడు పొరలు వేసి కుట్టే బొంత మన నానమ్మలకు తెలిసిన విద్య. మోకాళ్ల మీద కప్పుకునేంత చిన్న బొంత కుట్టి, వయసు పైబడిన స్నేహితురాలికి ఇస్తే ఏ కంపెనీ దుప్పటీ దానికి సాటి రాదు. ఆ కుట్టు నానమ్మ దగ్గరే కూర్చుని నేర్చుకోండి. కానుక ఒకరికైనా, కబుర్లు ఇద్దరివీ.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌ జిల్లాల్లో పల్లీ బాగా పండుతుంది. షుగర్‌ ఉన్న మిత్రుడికి మిఠాయి డబ్బా బదులు పల్లీ, నువ్వులు, కరివేపాకు వేయించి దంచిన పొడి ఇవ్వండి. బీపీ ఉంటే ఉప్పు తగ్గించి, ఆ మాట సీసా మీద మీ చేతిరాతతో రాయండి. ‘నీ బీపీ నాకు గుర్తుంది’ అని చెప్పడానికి అంతకంటే మంచి ఉత్తరం లేదు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. అందులో ఉండగల బొటులిజం బ్యాక్టీరియా పసిపిల్లలకు ప్రమాదం. మూడేళ్లలోపు పిల్లలకిచ్చే బొమ్మలకు పూసలు, గుండీలు కుట్టవద్దు. మింగితే గొంతుకు అడ్డం పడతాయి. ఇంట్లో పట్టిన కాటుకైనా సరే, పసికందు కళ్లకు వద్దనే వైద్యులు చెబుతారు. పొడుల్లో పల్లీ, నువ్వులు ఉంటే అవతలివాళ్లకు పడతాయో లేదో ముందే అడగాలి.

అంచు వెనుక నడుము

ఇక కొనే కానుకల మాట. గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పేకనూ పట్టు పేకనూ అంచు దగ్గర ఒకదానితో ఒకటి మెలివేసి కలపడంలోనే ఆ నేత గొప్పతనం. నాడెలు మార్చుకుంటూ, ప్రతి వరుసకూ ఆ కలయిక దగ్గర చేయి ఆగాలి. తొందరపడితే అంచు ఊడుతుంది. తిరుమల శ్రీవారికి సమర్పించే ఏరువాడ జోడు పంచెలు నేసేదీ గద్వాల నేతగాళ్లే. రాజోలి, అయిజ, అమరచింత వంటి ఊళ్లలోనూ మగ్గాల చప్పుడు వినిపిస్తుంది.

ఆ చప్పుడు వెనుక ఒక శరీరం ఉంది. గుంట మగ్గంలో కాళ్లు గోతిలో పెట్టి, నడుము ముందుకు వంచి, చూపు పోగుల మీదే నిలిపి గంటలకొద్దీ కూర్చోవాలి. మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు నొప్పులు పుడతాయి. వెలుతురు చాలని గదిలో కళ్లు అలసిపోతాయి. కండెలు చుట్టే ఇల్లాలి చేతులకూ విశ్రాంతి తక్కువే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ పనిలో ఉన్నవారు 35 లక్షల పైచిలుకు. వారిలో దాదాపు 72 శాతం మహిళలే.

మన 45 నిమిషాల కుట్టుపనికీ, వారి పది గంటల నేతకూ తేడా ఇక్కడే ఉంది. మనం అలసిపోతే లేచి టీ తాగుతాం. వారికి లెక్క నేసిన చీర మీద. లేచిన ప్రతిసారీ కూలి కోత. అదే చేతిపని ఒకరికి సేదతీరే దారి, ఇంకొకరికి నొప్పుల దారి. మధ్యలో ఉన్నది ధర.

కొనేటప్పుడు ఏం చేయాలి?

మగ్గం దగ్గరో సహకార సంఘంలోనో కొనేటప్పుడు బేరం మానేయండి. మాల్‌లో స్టిక్కరు ధర నోరెత్తకుండా కట్టి, నేతన్న దగ్గర 500 తగ్గించమని పట్టుబట్టడం న్యాయం కాదు. పెళ్లికీ పండుగకూ కావాలంటే నెలల ముందే చెప్పండి. ‘రెండు రోజుల్లో కావాలి’ అన్న మాటకు రాత్రి నిద్ర ఖరీదు కట్టేది మగ్గం మీది మనిషే.

చేనేత పేరుతో మరమగ్గం బట్ట అంటగట్టేవాళ్లు ఉంటారు. హ్యాండ్లూమ్‌ మార్క్‌, పట్టుకైతే సిల్క్‌ మార్క్‌ ఉన్నాయేమో చూడండి. బట్ట వెడల్పు బిగువుగా నిలవడానికి మగ్గం మీద మొనలున్న పుల్ల కడతారు. చాలా చేనేత బట్టల్లో ఆ మొనలు దిగిన సన్నటి రంధ్రాలు రెండు అంచుల వెంటా కనిపిస్తాయి.

‘అంత డబ్బు ఎక్కడిది?’ అంటారా? ప్రతి స్నేహితురాలికీ పట్టంచు చీర పెట్టనక్కర్లేదు. చేనేత తువ్వాలు చాలు. మేదరులు అల్లిన వెదురు బుట్ట, కుమ్మరి చేసిన మట్టి కూజా, కురుమలు నేసిన గొంగడి, నల్లమలలో చెంచులు చెట్లూ కొండలూ ఎక్కి తెచ్చే తేనె... అన్నీ ఈ మూడు జిల్లాల మనుషుల చేతి పనులే. పదిమందికి పది ప్లాస్టిక్‌ డబ్బాలు కొనే డబ్బుతో ఇద్దరికి మంచి కానుకలు వస్తాయి. మిగతా ఎనిమిది మందికి మీరు దంచిన పొడి సీసా, నాలుగు వాక్యాల ఉత్తరం సరిపోతాయి.

ఇచ్చేటప్పుడు ఇంకొక్క పని చేయండి. ఆ వస్తువు ఏ ఊరిది, ఎవరు చేశారు, ఎన్నాళ్లు పట్టిందో చిన్న కాగితం మీద రాసి జతచేయండి. అది రాయాలంటే చేసినవారిని అడగాలి. అడిగితే వారి పేరు తెలుస్తుంది, వారి నడుం నొప్పీ తెలుస్తుంది. ఆ తర్వాత బేరమాడటానికి మనకు నోరు రాదు.