తుపానుకు కుడివైపు

భూమి తిరుగుతోందని మనమంతా చిన్న తరగతుల్లోనే చదివాం. తన చుట్టూ తాను తిరగడం వల్ల రాత్రీపగలూ, సూర్యుని చుట్టూ తిరగడం వల్ల ఋతువులూ అని రాస్తే రెండు మార్కులు వచ్చేవి. ఆ తిరుగుడు మన గాలినీ, మన తీరాన్నీ ఏం చేస్తుందో మాత్రం ఎవరూ విడమరచి చెప్పరు. పై తరగతుల్లో "కోరియోలిస్ బలం" అన్న మాట వస్తుంది, దాన్నీ బట్టీ పట్టిస్తారు. సముద్రం పక్క పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఇలా పాఠం చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం.

విషయం కష్టమైనదేమీ కాదు తమ్ముళ్ళూ! భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది. మచిలీపట్నం దగ్గర ఆ వేగం సుమారు 1,600. దక్షిణం నుంచి ఉత్తరానికి బయలుదేరిన గాలి తన పాత వేగాన్ని వెంట తెచ్చుకుంటుంది. కింద నేల వేగం తగ్గుతుంది. దాంతో గాలి తూర్పుకు, అంటే తన కుడిచేతి వైపుకు ఒరుగుతుంది. ఉత్తరార్ధగోళంలో గాలి ఎటు వీచినా కుడికే మలుగుతుంది. ఆగ్నేయ పవనాలు భూమధ్యరేఖ దాటి మన నైరుతి ఋతుపవనాలయ్యేది ఈ మలుపుతోనే. (సింకులో నీళ్ళు సుడి తిరగడం కూడా దీనివల్లే అని కొందరు చెబుతారు. నమ్మకండి, అంత చిన్న పాత్రలో ఈ బలం లెక్కకు రాదు.)

అల్పపీడనం వైపు పరుగెత్తే గాలి ఇలా మలుగుతూ పోవడం వల్ల తుపాను అపసవ్య దిశలో తిరుగుతుంది. మన తూర్పు తీరానికి వచ్చేసరికి దానికి కుడివైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి వీచి నీటిని తోసుకొస్తుంది. ఎడమవైపున నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబరు 19న తుపాను కేంద్రం బాపట్ల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. దివిసీమ దానికి కుడివైపున ఉంది. ఉప్పెన ఊళ్ళను ఊడ్చేసింది. అధికారిక లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. పూరిళ్ళలో, పల్లపు నేలల్లో ఉన్న కూలీలూ జాలర్లూ ఎక్కువగా బలయ్యారు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. తుపాను ఎందుకొచ్చిందంటే మా పెద్దలు "గంగమ్మకు కోపమొచ్చింది" అనేవారు. వారిని తప్పుపట్టను. ఇంతకు మించి వారికి చెప్పినవారు లేరు. చదువుకున్న మనం కూడా టీవీలో "ఎక్కడ తీరం దాటుతుంది?" అన్న ఒక్క మాటే విని, మా ఊరు కాదులే అని పడుకుంటే ఆ చదువెందుకు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖ మీదుగా వెళ్ళింది. కన్ను వచ్చినప్పుడు గాలి ఆగిపోతుంది. అయిపోయిందనుకుని బయటికి వస్తే ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. ఇవీ పాఠంలో రావాల్సిన మాటలు.

వార్డెన్ గారికి నా మనవి ఒక్కటే. వరండాలో బంగాళాఖాతం పటం ఒకటి అంటించి, తుపాను రోజుల్లో రేడియోలో చెప్పే అక్షాంశ రేఖాంశాలను పిల్లల చేతే గుర్తు పెట్టించండి. కుడి ఎడమలు చూసేటప్పుడు తుపాను వెళ్ళే దిక్కుకే ముఖం పెట్టాలి. సముద్రం వైపు తిరిగి చూస్తే తారుమారవుతుంది.