కంచికి దారి తెలియని కథ

ఫిలిప్ పుల్మన్ 1996లో ప్రచురించిన ‘క్లాక్‌వర్క్’ సుమారు వంద పేజీల చిన్న నవల. దొరికేది పిల్లల పుస్తకాల అరలో. అయితే ఇందులో ఒక తండ్రి తన గుండెను కోసి ఇవ్వవలసి వస్తుంది. ఒక కుర్రవాడు తనను గట్టెక్కిస్తుందనుకున్న బొమ్మ చేతిలోనే హతుడవుతాడు. పిల్లలకు ఇవ్వవచ్చునా అన్న సందేహం సహజమే. పదేళ్లు దాటినవారికి నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు, నిద్రవేళకు ముందు మాత్రం వద్దు.

కథాస్థలం గ్లోకెన్‌హైమ్ అనే జర్మన్ పట్టణం. శిష్యరికం పూర్తిచేసిన ప్రతి పనివాడూ అక్కడి మహాగడియారానికి ఒక కొత్త బొమ్మను చేర్చడం ఆనవాయితీ. తెల్లవారితే కార్ల్ చేసిన బొమ్మను ఊరంతా చూడవలసి ఉంది. అతడు ఏమీ చేయలేదు. ఆ రాత్రే పానశాలలో ఫ్రిట్జ్ అనే యువరచయిత ఒక కథ చదవడం మొదలుపెడతాడు. అది కంచికి ఏ దారిన చేరుతుందో అతడికే తెలియదు. చదువుతూ పోతే ముగింపు దానంతటదే స్ఫురిస్తుందని ధీమా. కథలోని యంత్రశిల్పి డాక్టర్ కాల్మేనియస్ ప్రస్తావన వచ్చేసరికి తలుపు తెరుచుకుంటుంది. సాక్షాత్తూ అతడే లోపలికి వస్తాడు. కథకుడు పారిపోతాడు. కీ ఇచ్చిన కథ మాత్రం ఆగదు.

ముగింపు ముందుగా తెలియకూడదనుకునే పాఠకులు ఇక్కడితో ఆగి పుస్తకం తెచ్చుకోవడం మేలు.

నవలకు ఆయువుపట్టు గుండె. బిడ్డను పోగొట్టుకున్న ఒట్టో రాజకుమారుడు కాల్మేనియస్ చేత ఫ్లోరియన్ అనే యంత్రబాలుణ్ణి చేయిస్తాడు. కొన్నేళ్లకు ఆ మర బిగుసుకుపోతుంది. మనిషి గుండె అమర్చితే తప్ప నడవదు. దారిలో తన విశ్వాసపాత్రుణ్ణి తోడేళ్లకు బలియిచ్చిన ఒట్టో, చివరకు తన గుండెనే ఇచ్చుకోవలసి వస్తుంది. ఛాతీలో మర అమర్చిన అతడి శవం కొరడా ఝుళిపిస్తూనే మంచుబండిలో కోటకు తిరిగివస్తుంది. ఇంత భయానకమైన దృశ్యం పెద్దల నవలల్లోనూ అరుదు. ఇంతా చేస్తే ఫ్లోరియన్ కొంతకాలానికి మళ్లీ బిగుసుకుపోతాడు.

వైద్యవృత్తిలో ఉన్నవారు ఈ ఘట్టాన్ని వట్టి మాయగా చదవలేరు. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలిసారిగా ఒక మనిషి గుండెను మరొకరికి అమర్చినప్పుడు, ఆ రోగి 18 రోజులే జీవించాడు. అతణ్ణి బలిగొన్నది న్యుమోనియా; కొత్త గుండె బాగానే పనిచేసింది. పుల్మన్ దీన్ని తలచుకుని రాశాడని కాదు. గుండెను అమర్చడంతో చికిత్స పూర్తికాదన్న మాట మాత్రం రెండుచోట్లా ఉంది. ఫ్లోరియన్‌ను చివరకు మనిషిని చేసేది పానశాల యజమాని కూతురు గ్రెటల్. ఆమె చేతిలో కత్తి లేదు. చల్లబడిపోయిన పిల్లవాణ్ణి విడిచిపోకుండా రాత్రంతా గడియారం దగ్గర కూర్చుంటుంది, అంతే. 1816 నాటి హాఫ్‌మన్ కథ ‘ది శాండ్‌మన్’లో యంత్రకన్యను ప్రేమించిన యువకుడు పిచ్చివాడవుతాడు, ఇక్కడ ప్రేమ పొందిన యంత్రమే మనిషి అవుతుంది. కీ ఇచ్చిన కథ ఆగదని ఇంతసేపూ నమ్మించిన రచయిత, ఏ మరకూ అందని ఈ పనితోనే దాన్ని ముగిస్తాడు. పుస్తకంలో అత్యుత్తమమైనది ఇదే.

లోపాలూ లేకపోలేదు. మధ్యమధ్య పెట్టెలు కట్టి ఇచ్చిన వ్యాఖ్యలలో కొన్ని చమత్కారంగా ఉన్నా, కొన్ని పాఠకుడు తానే గ్రహించవలసిన నీతిని ముందే అప్పజెబుతాయి. అంతకన్నా పెద్ద చిక్కు కార్ల్ విషయంలో. కష్టపడకుండా ఫలం కోరినందుకు అతడికి మరణం. ఆశపడిన మాట నిజమే. నిస్సహాయుడైన యంత్రబాలుణ్ణి తన పనితనంగా గడియారంలో నిలబెట్టడానికీ వెనుదీయడు. కానీ మొదటి పేజీలలో కనిపించే కార్ల్ సోమరి కాడు. సిగ్గుతో, భయంతో నోరు పెగలని కుర్రవాడు. పరీక్షకు ముందురాత్రి అటువంటి ముఖాలు ఏ కళాశాల వసతిగృహంలోనైనా కనిపిస్తాయి. రచయిత అతణ్ణి జాగ్రత్తగా చిత్రించి, ఆపైన చప్పున తీర్పు చెప్పేశాడు. గురువు రింగెల్‌మన్ ఆ రాత్రి అదే పానశాలలో ఉన్నాడు. శిష్యుడి దిగులు ముందురోజు సహజంగా ఉండే బెదురేననుకున్నాడు.