డబ్బాపై ‘ఓఆర్‌ఎస్’... లోపల ఏముంది?

విరేచనాలతో వాడిపోయిన బిడ్డ కోసం తల్లి మందుల దుకాణానికి వెళ్లి ‘ఓఆర్‌ఎస్’ అని అడుగుతుంది. చేతికి వచ్చేది నీటిలో కలిపే పొడి ప్యాకెట్టా, పండ్ల రుచితో ఉన్న తీపి పానీయమా అన్నది మొన్నమొన్నటి వరకు దుకాణదారుడి చేతిలోనే ఉండేది. ఈ గందరగోళాన్ని తొలగించేందుకే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరు 14న ఉత్తర్వు జారీ చేసింది. ముందు వెనుకల ఏ పదం తగిలించినా సరే, ఆహార పానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అన్న మాట ఉండరాదన్నది దాని సారాంశం.

పేరు కోసం ఇంత పట్టుదల ఎందుకు? ఓఆర్‌ఎస్ పనిచేసేది లెక్క ప్రకారం. పేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి ప్రవేశిస్తాయి. వాటి వెంట నీరూ వస్తుంది. తీవ్రమైన విరేచనాల్లోనూ ఈ మార్గం మూసుకుపోదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రంలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములుగా నిర్ణయించారు. చక్కెర ఇంతకు ఎన్నో రెట్లు మించితే నీరు రక్తంలోకి చేరడానికి బదులు పేగులోకే లాగబడుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. నిర్జలీకరణకు మందు అనుకుని పట్టించినదే ఒంట్లోని నీటిని హరిస్తుందన్నమాట.

ఈ ద్రావణం విలువ ఉపఖండానికి కొత్తగా చెప్పవలసినది కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్‌లో కలరా ప్రబలినప్పుడు సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించింది. సుమారు 30 శాతంగా ఉన్న మరణాల రేటు 3.6 శాతానికి దిగింది. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

అంతటి పేరు తీపి పానీయాల మీదికి ఎలా ఎక్కింది? అసలు ఓఆర్‌ఎస్ ఔషధ చట్టం కిందికి వస్తుంది. పానీయాలు ఆహార చట్టం కిందికి. సందు అక్కడే దొరికింది. నియంత్రణ సంస్థ సైతం ఒక్క మాట మీద నిలవలేదు. 2022 ఏప్రిల్‌లో వద్దన్నది, అదే ఏడాది జులైలో ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదు’ అన్న ప్రకటన ముద్రిస్తే చాలునన్నది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్ల పాటు పోరాడిన తరువాత గాని ఆ సడలింపు రద్దు కాలేదు. ఆ పైన వ్యాజ్యాలు ఢిల్లీ హైకోర్టుకూ చేరాయి.

ఆ ప్రకటన ఎందుకు చాలలేదో భాషతో పనిచేసేవారికి సులువుగానే బోధపడుతుంది. ఓఆర్‌ఎస్‌కు తెలుగులో ‘నోటి ద్వారా ఇచ్చే పునర్జలీకరణ లవణాలు’ అని అనువాదం ఉంది. దుకాణంలో అలా అడిగినవారిని నేనింతవరకు చూడలేదు. జనానికి తెలిసింది ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలే. వారికవి సంక్షిప్త నామం కావు, మందు పేరే. పెద్ద అక్షరాలతో ఆ పేరు పెట్టి, కింద చిన్న అక్షరాల ఇంగ్లీషులో ‘ఇది అది కాదు’ అంటే చదివేదెవరు?

పానీయాల పేర్లు మారినా అసలైన పొడి వాడకంలో ఒక చిక్కు మిగిలే ఉంది. లీటరు నీటికి సరిపడే 20.5 గ్రాముల ప్యాకెట్టూ, 200 మిల్లీలీటర్లకు ఉద్దేశించిన చిన్న ప్యాకెట్టూ ఒకే దుకాణంలో దొరుకుతాయి. పెద్దదాన్ని గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు ప్రమాదకర స్థాయికి చేరుతుంది. ఎన్ని నీళ్లు పోయాలో స్థానిక భాషలో, గ్లాసు లేదా లీటరు సీసా బొమ్మతో, పేరంత పెద్దగా ముద్రించడం తప్పనిసరి చేయాలి. పేరు విషయంలో చూపిన పట్టుదలను నియంత్రణ యంత్రాంగం ఇప్పుడు ఈ కొలత విషయంలోనూ చూపవలసి ఉంది.