సర్వర్‌కూ కావాలి ముందస్తు పరీక్ష
రద్దీ రోజున బలం తేలితే నష్టపోయేది కక్షిదారులే

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: పొలం అమ్మి కూతురి పెళ్లి చేయదలచిన రైతుకు రిజిస్ట్రేషన్ ఒక్కరోజు వాయిదా పడటం చిన్న విషయం కాదు. సాక్షులను మళ్లీ పిలవాలి. బాడుగ వాహనానికి మళ్లీ చెల్లించాలి. ధర్మవరంలో మగ్గం ఆపి వచ్చిన నేతన్నకు ఆనాటి కూలి పోయినట్లే. ‘సర్వర్ పనిచేయడం లేదు’ అన్న మూడు మాటల వెనుక ఇంత నష్టం ఉంది. ఇందుకు కౌంటరులోని సిబ్బందిని నిందించి ప్రయోజనం లేదు. దూరాన ఉన్న సర్వర్ ఎంత భారం మోయగలదో ముందే తేల్చుకోవడమే అసలు పరిష్కారం.

దూరమైన దస్తావేజు

రిజిస్ట్రేషన్ శాఖలో కంప్యూటరీకరణ 1998లో ‘కార్డ్’ పథకంతో ఆరంభమైంది. నాడు ప్రతులు ఆయా కార్యాలయాల యంత్రాల్లోనే ఉండేవి. నేడు స్కాన్ చేసిన పత్రాలు నెట్‌వర్క్ ద్వారా దూరపు సర్వర్‌కు చేరాలి. ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యే నాటికే పెనుకొండ పరిసర భూములకు గిరాకీ పెరిగింది. అయితే అక్కడి పని వేగాన్ని ఇప్పుడు స్థానిక రద్దీయే కాక, రాష్ట్రమంతటి రద్దీ నిర్ణయిస్తుంది.

ఉదాహరణకు 100 కార్యాలయాలు ఒకేసారి 5 మెగాబైట్ల చొప్పున పంపాయనుకుందాం. మొత్తం 500 మెగాబైట్లు. సెకనుకు 100 మెగాబిట్ల లైనులో అవి చేరడానికి కనీసం 40 సెకన్లు పడుతుంది. విసిగి అందరూ మళ్లీ మొదటి నుంచి పంపితే భారం దాదాపు రెట్టింపవుతుంది.

పరీక్ష ఇలా..

వందల మంది చేసే పనిని ఒక్క యంత్రంతో చేయించే ఆదేశాల వరుసే స్క్రిప్టు. జేమీటర్ వంటి ఉచిత సాధనాలు ఇందుకు ఉన్నాయి. మొదట 10 మంది, తర్వాత 100, ఆపై 1,000 మంది పత్రాలు పంపుతున్నట్లు భారం పెంచుతూ పోతారు. ఎక్కడ వేగం మందగించింది, ఎక్కడ పని నిలిచింది అన్నది నమోదు చేస్తారు. గంటల తరబడి అదే భారం మోపి ఓర్పునూ పరీక్షిస్తారు. చేరిన పత్రం పంపినదానితో అక్షరాలా సరిపోయిందో లేదో చూడాలి. సగమే చేరిన దస్తావేజు చేరనిదానికన్నా ప్రమాదకరం. నమూనా పత్రాలతో, అనుమతితో, విడి సర్వర్‌పైనే ఈ పని జరగాలి.

సగటు లెక్కను నమ్మరాదు. 100 పత్రాల్లో 95 రెండేసి సెకన్లలో, మిగిలిన 5 నిమిషానికొకటి చొప్పున చేరినా సగటు 4.9 సెకన్లే. ఆ అయిదుగురి నిరీక్షణ లెక్కలో కనిపించదు. రాజధానిలోని వేగవంతమైన లైనుపై నెగ్గిన సర్వర్ హిందూపురంలోనూ నెగ్గుతుందన్న భరోసా లేదు.

ముందే తెలిసే రద్దీ

రద్దీ చెప్పకుండా వచ్చే తుఫాను కాదు. రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి భూముల విలువలు సవరిస్తారని తెలిసి, జనవరి చివరి రోజుల్లో జనం కార్యాలయాలకు పోటెత్తారు. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటినవారికి టీకా నమోదు ప్రారంభించగానే కోవిన్ తడబడింది. ఆ తేదీ కూడా ముందుగా ప్రకటించినదే.

గడువు ప్రకటించే ముందే పరీక్ష జరపాలి. మూడు పట్టణాల లైన్ల నుంచీ అది సాగాలి. ఫలితాలు ప్రజల ముందుంచాలి. సర్వర్ ఆగితే టోకెన్ పొందినవారికి పాత విలువే వర్తించేలా నిబంధన ఉండాలి. యంత్రం బలహీనతకు రైతు జరిమానా కట్టడం న్యాయం కాదు.